భాగ్యరెడ్డివర్మ

మాదరి భాగ్యరెడ్డివర్మ (1888 మే 22 - 1939 ఫిబ్రవరి 18) హైదరాబాదు సంస్థానంలో దళితుల విద్య కోసం, హక్కుల కోసం కృషి చేసిన సంఘ సంస్కర్త. ఆదిహిందూ ఉద్యమ నాయకునిగా ఆయన ప్రసిద్ధుడు. అయితే ఆయన చేసిన పనులలో ఎక్కువమంది బతుకులను మార్చినవి దళిత వాడల పిల్లల కోసం నెలకొల్పిన పాఠశాలలే.

బాల్యం

భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు రంగమాంబ, మాదరి వెంకయ్య. అసలు పేరు భాగయ్య. వారి కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చాడు. ఒకప్పుడు ఈ నేలను ఏలినవారు దళితులేనని, పాలకుడు అనే అర్థం గల రేడు నుండి రెడ్డి అన్న మాట పుట్టిందని ఆ గురువు భావన. 1913లో ఆర్యసమాజం వారు వర్మ అన్న బిరుదునిచ్చారు. తండ్రి చిన్నతనంలోనే మరణించడంతో కుటుంబ భారం తల్లిపై పడింది. బాలుడు దోస్ శాంటోస్ అనే రోమన్ కాథలిక్కు బారిష్టరు ఇంట పనికి కుదిరాడు. లోకజ్ఞానం, చదువుపై ఆసక్తి అక్కడే కలిగాయి.

పాఠశాలలు

1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథలు, భజనల ద్వారా వాడవాడలా ప్రచారం చేశాడు. అక్షరం రానివారికి విషయం చేరవేయడానికి అంతకంటే అనువైన సాధనం ఆనాడు లేదు. 1911లో ఈ మండలి మన్యసంఘంగా మారింది.

1910లో ఇసామియా బజారు, లింగంపల్లిలలో ఆయన తొలి పాఠశాలలు వెలిశాయి. దళిత బాలలకు అప్పట్లో రెండు అడ్డంకులుండేవి. ఒకటి అంటరానితనం. రెండవది భాష. సంస్థానంలో రాజభాష ఉర్దూ కాగా, ఈ పిల్లల ఇంటి భాష తెలుగు. బడిలోకి రానిచ్చినా అక్కడ చెప్పే పాఠం అర్థం కాని పరిస్థితి. అందుచేత ఆయన బడులలో బోధన తెలుగులోనే సాగింది. పిల్లలు నడిచి రాగలిగేలా వాటిని వారి వాడలలోనే పెట్టాడు. విరాళాలే వీటికి ఆధారం. కాలక్రమేణా ఇవి పాతిక వరకు పెరిగి రెండువేల మందికి పైగా పిల్లలకు చదువు చెప్పాయి. 1930 దశకంలో నిజాం ప్రభుత్వం వీటిని తన నిర్వహణలోకి తీసుకున్నది. విరాళాలపై నడిచే బడులకు ఖజానా అండ దొరకడం చిన్న విషయం కాదు.

దేవదాసి, జోగిని, మురళి ఆచారాలను ఆయన తీవ్రంగా వ్యతిరేకించాడు. దేవుని పేరిట వదిలివేయబడిన ఆడపిల్లకు బడి ఊసే ఉండదు కనుక ఈ పోరాటం కూడా విద్యా కృషిలో భాగమే. మద్యపానం, బాల్యవివాహాలు, జంతుబలులపైనా ప్రచారం చేశాడు.

ఆదిహిందూ ఉద్యమం

1917లో విజయవాడలో జరిగిన ఆంధ్రదేశ పంచమ మహాజన సభకు ఆయన అధ్యక్షత వహించాడు. సభ జరిగినన్నాళ్ళు కనకదుర్గ ఆలయం తలుపులు మూసివేశారు. పంచములన్న మాట తమకు తగదని, తాము ఈ నేలకు ఆదివాసులమని వాదించి సభ పేరును ఆది ఆంధ్ర మహాజన సభగా మార్పించాడు. హైదరాబాదులో మన్యసంఘం 1920ల తొలినాళ్ళలో ఆదిహిందూ సోషల్ సర్వీస్ లీగుగా మారింది. 1931 జనాభా లెక్కలలో నిజాం ప్రభుత్వం ఆదిహిందువులన్న పేరును నమోదు చేసింది. ఆ సంవత్సరమే ఆయన భాగ్యనగర్ పత్రికను ప్రారంభించాడు. అంతకు ముందు 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆదిహిందూ సభలో, రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్‌ను ప్రతినిధిగా బలపరిచాడు.

బుద్ధుని బోధనలపై ఆయనకు మక్కువ ఎక్కువ. కుమారునికి గౌతమ్ అని పేరు పెట్టుకున్నాడు. ఎం.బి.గౌతమ్ తండ్రి జీవిత చరిత్రను భాగ్యోదయం పేరుతో వ్రాశాడు. భాగ్యరెడ్డివర్మ 1939లో తన 50వ ఏట మరణించాడు. తరువాతి కాలంలో ఇసామియా బజారులోని ఆదిహిందూ భవనంలో ఆయన స్మారకంగా బాలికల పాఠశాల నడిచింది.