నవ్వించి మేల్కొలిపిన పంతులు

ఆధునికాంధ్ర వాఙ్మయంలో హాస్యాన్ని సంఘసంస్కరణకు సాధనంగా చేసుకున్న తొలితరం రచయితలలో కందుకూరి వీరేశలింగం పంతులు అగ్రగణ్యులు. వారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయి, తల్లి పున్నమ్మ, పెదతండ్రి వెంకటరత్నం గార్ల పోషణలో పెరిగారు. విద్య ముగించి ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు.

సంఘంలోని దురాచారాలు, అధికారుల లంచగొండితనం ఆయనను కలవరపరచాయి. వాటిని ఖండించడానికి 1874లో 'వివేకవర్ధని' పత్రికను, 1876లో 'హాస్యసంజీవని'ని స్థాపించారు. పసిపిల్లను పెండ్లాడబూనిన వృద్ధుణ్ణి పరిహసిస్తూ 'బ్రహ్మవివాహం' అనే ప్రహసనం వెలువరించారు.

పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల రచయితలు ఈ మార్గంలో ఆయనకు తోడ్పడ్డారు. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఒక అమాయక మతగురువు కష్టసుఖాల కథ. పంతులుగారు మొదట దాని అనువాదానికి పూనుకొని, పిమ్మట ఆ యత్నం విడిచి, తెలుగువారి ఆచార వ్యవహారాలను చిత్రిస్తూ 'రాజశేఖర చరిత్రము' రచించారు. అది 1880లో పుస్తకరూపం దాల్చింది. ధవళేశ్వర నివాసి రాజశేఖరుడు సజ్జనుడే. కాని పొగడ్తలకు లొంగేవాడు. బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మి ఉన్నదంతా పోగొట్టుకొన్నాడు. సిరి తొలగగానే చుట్టూ చేరిన పొగడ్తరాయళ్లు మాయమయ్యారు. పాఠకుడు అతని అవివేకానికి నవ్వుతాడు. అతని దుస్థితికి జాలిపడతాడు.

స్విఫ్ట్ రచించిన 'గలివర్ యాత్రలు' ప్రేరణతో వ్రాసిన 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు'లో హాస్యం మరింత పదునెక్కింది. అందులోని ఒక దేశంలో స్త్రీలే ప్రభువులు. పురుషులకు చదువు, స్వేచ్ఛ లేవు. మన స్త్రీలు అనుభవిస్తున్న బాధలను తలక్రిందులు చేసి చూపి, పురుష పాఠకులను ఆలోచింపజేశారు. షెరిడన్ నాటకాలను కూడా ఆయన తెలుగు చేశారు.

పంతులుగారి సంస్కారం కలానికే పరిమితం కాలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. సనాతనులు వెలివేశారు. వంటవారు, నీరు తెచ్చేవారు ఇంటికి రావడం మానివేశారు. అప్పుడు ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ స్వయంగా వంట చేసి, గోదావరి నుండి నీరు మోసి తెచ్చారు. లోకాన్ని నవ్వించిన రచయిత లోకుల అపహాసాన్ని ధైర్యంతో సహించారు.

వీరేశలింగం పంతులు 1919 మే 27న మద్రాసులో పరమపదించారు. పరుల లోపాలను ఎత్తిచూపేవారు అందుకు తగిన మూల్యం చెల్లించడానికి సిద్ధపడాలి. అది చెల్లించినందువల్లనే ఆయన పరిహాసానికి అంతటి నైతిక బలం చేకూరింది.