డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

వైద్యవిద్య నభ్యసించువారికి పరీక్షలు రెండు విధములు. మొదటిది కాగితముపై వ్రాయునది. దానిని వేరొకరు మరల దిద్దవచ్చును. రెండవది ఆసుపత్రి వార్డులలోను, శస్త్రచికిత్స గదిలోను గురువు కన్నుల యెదుట జరుగునది. అందు విద్యార్థి పనితనముతోపాటు వాని మాట, నడవడి, తుదకు ధరించిన బట్టయు గురువు దృష్టిలో పడును. గురువు న్యాయబుద్ధి గలవాడైన మేలే. కానిచో విద్యార్థికి చెప్పుకొన దిక్కుండదు. ఇట్టి అన్యాయమునకు గురియైన తెలుగువారిలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు మిక్కిలి పేరొందినవారు. వారి జీవితమును మా పాఠకులకు, ముఖ్యముగా వైద్యవిద్యకు పోగోరు విద్యార్థులకు తెలుపదలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యము రాజమహేంద్రవరమున గడచెను. తండ్రి మరణముచే కుటుంబము కష్టముల పాలయ్యెను. చదువునందును తొలుత జయము కలుగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమందలి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి, మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. స్నేహితులును, తరువాత 1919లో పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసాహాయ్యము చేయుటచే ఆ చదువు సాగెను.

ఆ దినములలో విదేశవస్త్రములను విడువుడని గాంధీమహాత్ముడు దేశమునకు బోధించుచుండెను. సుబ్బారావుగారు ఆ బోధను శిరసావహించి, శస్త్రచికిత్స గదిలో తొడుగు అంగీని సైతము ఖద్దరుతో కుట్టించుకొనిరి. శస్త్రచికిత్స ప్రొఫెసరగు బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది కోపకారణమయ్యెను. ఫలితమేమన, వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించెను. ఖద్దరు తొడిగిన చేయి కత్తిని సరిగా పట్టినదా లేదా యనునదే అచట చూడవలసిన విషయము. చూచినది మాత్రము బట్టను.

ఈ దెబ్బ చిన్నది కాదు. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించిరి గాని ఫలింపలేదు. అప్పుడు వారు మిగిలియున్న తలుపు తట్టిరి. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు పనిలో ప్రవేశించిరి. ఆ యౌవనకాలముననే గ్రహణి వ్యాధి వారి అన్నదమ్ములలో ఇరువురిని బలిగొనెను. తామును అదే వ్యాధితో మంచము పట్టి, లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. ఆ వ్యాధి మూలమును కనుగొనవలెనను పట్టుదలతో సముద్రము దాటి అమెరికా చేరిరి.

అచట హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యములో డిప్లొమా సంపాదించిరి. పొట్టకూటికై రాత్రివేళ ఆసుపత్రిలో ఊడిగము చేసిరి. పిమ్మట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి జీవరసాయన పరిశోధనలు సాగించి, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. గాజుగొట్టములో పుట్టు నీలిరంగు ఎంత చిక్కనైన భాస్వరము అంత హెచ్చు. ఆ రంగు, కొలుచువాడు ఏ దేశమువాడని గాని, ఏ బట్ట కట్టినాడని గాని అడుగదు. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వారిరువురు వెల్లడించిరి. 1930లో సుబ్బారావుగారు పిహెచ్.డి. పట్టమందిరి.

హార్వర్డులోను వారికి స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, అచట పరిశోధనల నడిపించిరి. ఆ బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది గ్రహణికిని, ఒక విధమగు పాండురోగమునకును మందయ్యెను. అన్నదమ్ములను చంపిన వ్యాధికి ఆ విధముగా బదులు తీరెను. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను 1947లో వెలువడెను. ఆరియోమైసిన్ అను మందును వారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గరు కనుగొనెను. వారి బృందము తయారుచేసిన అమినాప్టెరినును సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరుగల పసిపిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము తగ్గుటను 1948లో ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టు మాసమున సుబ్బారావుగారు పరలోకగతులైరి. 1995లో వారి శతజయంతి సందర్భమున మన దేశము వారి తపాలాబిళ్లను వెలువరించెను.

అన్యాయమే ఆయనకు మేలు చేసెనని మేము చెప్పము. ఆయన మరల స్వదేశమును చూడలేదు. భార్య శేషగిరిగారు ఇచటనే ఉండిపోయిరి. అన్యాయము అన్యాయమే. అయినను, ఒక గురువు వేసిన మార్కు ఆ దినమున ఆ గురువు చూచినదానికి మాత్రమే కొలత యని ఆయన జీవితము తెల్పుచున్నది. దానిని తమ శక్తికి కొలతగా ఆయన తీసికొనలేదు.

కావున విద్యార్థులారా, మీకట్టి కష్టము వచ్చినప్పుడు మొదట మీలో లోపమున్నదేమో నిజాయితీగా చూచుకొనుడు. లేనిచో వినయముతో కారణ మడుగుడు. జరిగినదానిని తేదీలతో వ్రాసియుంచుకొనుడు. పైవారికి మనవి చేసికొనుడు. అదియు విఫలమైనచో మిగిలిన తలుపు తట్టుడు, పని మానకుడు. తలిదండ్రులారా, తక్కువ మార్కుతో ఇల్లు చేరిన బిడ్డను కోపించుటకు ముందు వాని మాట వినుడు. ఉపాధ్యాయులమగు మేమును చేతిని చూడవలెను గాని, చొక్కాను కాదు.