రాజును కానన్న చక్రవర్తి



క్రిస్మస్ అర్ధరాత్రి పూజలో లూకా సువార్త చదివేటప్పుడు మొట్టమొదట వినిపించే పేరు మరియమ్మది కాదు, యోసేపుది కాదు. జనాభా లెక్కలకు ఆజ్ఞ ఇచ్చిన అగస్తు చక్రవర్తిది. ఏటా ఆ పేరు వింటాము, వెంటనే మనసు పశువుల పాకకు వెళ్ళిపోతుంది. ఇతడెవరని ఆగి అడగము. ఈ వారం అడిగి చూద్దాం.

అతని అసలు పేరు ఒక్టేవియస్. క్రీ.పూ. 63 సెప్టెంబరు 23న రోములో పుట్టాడు. నాలుగేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి ఆతియా జూలియస్ సీజరుకు మేనకోడలు. అప్పటికి రోముకు రాజులు లేక దాదాపు 450 ఏళ్ళు. ప్రజలు ఏటా ఇద్దరు కాన్సులులను ఎన్నుకునేవారు. పదవి ఒక్క ఏడాదే, పైగా ఒకరి నిర్ణయాన్ని రెండవవారు ఆపవచ్చు. రాజు అనే మాట రోమీయులకు తిట్టుతో సమానం. సీజరు రాజైపోతాడన్న భయంతోనే క్రీ.పూ. 44 మార్చి 15న సెనేటర్లు అతనిని పొడిచి చంపారు. వీలునామా తెరిస్తే, 18 ఏళ్ళ ఈ కుర్రవాడిని దత్తపుత్రునిగా రాసిపెట్టి ఉన్నాడు.

ముసలి వక్త సిసెరో ఆ కుర్రవాడిని నమ్మాడు. సెనేటులో అతని తరఫున మాట్లాడాడు. మరుసటి ఏడాదే ఒక్టేవియస్, ఆంటోనీ, లెపిడస్ అనే మరో ఇద్దరితో చేతులు కలిపి, చంపవలసినవారి జాబితాలు వేయించాడు. వాటిలో సుమారు 300 మంది సెనేటర్ల పేర్లు ఉన్నాయని అప్పియాను అనే ప్రాచీన చరిత్రకారుడు రాశాడు. సిసెరో పేరూ అందులో ఉంది. అతని తలను, చేతులను నరికి, అతడు ఉపన్యాసాలిచ్చిన వేదిక దగ్గరే వేలాడదీశారు. అగస్తు పాలనలోని శాంతిని పొగిడేవారు ఈ సంగతి దగ్గర కాస్త ఆగితే బాగుండును.

తరువాత వాటాదారులే శత్రువులయ్యారు. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర సముద్ర యుద్ధంలో ఆంటోనీ ఓడిపోయాడు. మరుసటి ఏడాది ఈజిప్టు రోము వశమైంది. ఎదురు నిలిచేవాడు ఇక లేడు.

ఇప్పుడు అతడు చేసినది చూడండి. కిరీటం పెట్టుకోలేదు. క్రీ.పూ. 27 జనవరిలో సెనేటుకు వెళ్ళి అధికారమంతా తిరిగి ఇచ్చేస్తున్నానని ప్రకటించాడు. సెనేటు బతిమాలి, సైన్యం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలను అతని చేతిలోనే పెట్టింది, అగస్తు అనే బిరుదు ఇచ్చింది. కాన్సులులు ఉన్నారు, ఎన్నికలు ఉన్నాయి, సెనేటు కూర్చుంటూనే ఉంది. తనను మాత్రం పౌరులలో మొదటివాడినని చెప్పుకున్నాడు. ఇల్లు మామూలుగా ఉండేది, ఇంటి ఆడవారు నేసిన బట్టలే కట్టేవాడు. పేర్లన్నీ పాతవే, లోపలి సారమే పోయింది.

ప్రజలు ఎందుకు ఊరుకున్నారు? ఈ ప్రశ్నకు జవాబు మన సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. తరాల తరబడి కక్షలతో నలిగిన ఊరికి రాత్రి తలుపు తెరిచి నిద్రపోనిచ్చేవాడు ఎవడైనా దేవుడిలాగే కనిపిస్తాడు. పైగా ఆకలి ఉంది. క్రీ.పూ. 22లో కరవు వచ్చినప్పుడు జనం సెనేటర్లను సభాభవనంలోనే బంధించి, అగస్తుకు సర్వాధికారాలు ఇవ్వకపోతే భవనాన్ని తగులబెడతామన్నారు. అతడు ఆ పదవి వద్దన్నాడు, ధాన్యం సరఫరా మాత్రం తీసుకున్నాడు. రోములో రెండు లక్షల మందికి పైగా ఉచిత ధాన్యం అందేది. తిండి పెట్టే చేతికి వేరే పదవి ఏం కావాలి?

ఈజిప్టు చేజిక్కాక అక్కడి ఒక రేవు నుండే ఏటా 120 దాకా ఓడలు ఇండియాకు వచ్చేవని స్ట్రాబో రాశాడు. ఆ వ్యాపారపు గుర్తులు మన నేలలోనూ ఉన్నాయి. డోన్ నుండి రైలెక్కితే వచ్చే నంద్యాల ప్రాంతంలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లెలో అగస్తు, తిబెరియస్‌ల వెండి నాణేలు 1,500కు పైగా దొరికాయి. సీజరుకు పన్ను కట్టవచ్చునా అని అడిగినవారు ప్రభువుకు చూపిన నాణెం తిబెరియస్‌దే అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. మన దేశంలో దొరికిన అగస్తు వెండి నాణేలలో ఎక్కువగా కనిపించేదానికి ఒకవైపు అతని ముఖం, రెండవవైపు డాలు, ఈటెలతో నిలబడ్డ ఇద్దరు యువకులు ఉంటారు. వారు అతని కూతురు జూలియా కొడుకులు గాయియస్, లూసియస్. ప్రజలు ఎన్నుకునే ప్రభుత్వమైతే మనుమల బొమ్మలు నాణెం మీదికి ఎందుకు వచ్చాయి? అతడు నోట అనని మాటను నాణెం చెప్పేసింది.

ఆ మనుమలు దక్కలేదు. లూసియస్ క్రీ.శ. 2లో, గాయియస్ క్రీ.శ. 4లో చనిపోయారు. జూలియాను అంతకుముందే, నడవడి బాగాలేదని తానే ఒక చిన్న దీవికి పంపేశాడు. చివరికి భార్య లివియాకు మొదటి భర్త వల్ల కలిగిన తిబెరియస్‌ను దత్తత తీసుకున్నాడు.

క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలా పట్టణంలో మరణించాడు. ఆ నెలకు పేరు అతని బిరుదు నుండి వచ్చినదే. మరియమాత మోక్షారోపణ పండుగనూ, స్వాతంత్ర్య దినాన్నీ మనం చేసుకునే నెల ఆయన పేరు మీదే ఉండడం ఒక విచిత్రం. సెప్టెంబరులో సెనేటు అతనిని దేవుళ్ళలో చేర్చింది. అదే ఏడాది తిబెరియస్ అధికారుల ఎన్నికను ప్రజల మైదానం నుండి సెనేటుకు మార్చాడు. జనం కొంచెం గొణిగారు, అంతే. ప్రజలు ఎన్నుకున్న పాలనను కళ్ళారా చూసినవారు అప్పటికి రోములో ఎందరో మిగలలేదు.