సంక్షిప్తలిపికర్త గాబెల్స్‌బెర్గర్

నోటినుండి వెడలిన మాట గాలిలో కలసిపోవును. విన్నవాడు దానిని కొంతవఱకు జ్ఞప్తియందుంచుకొనును. మఱునాటికి సగము మఱచును. పిమ్మట తాను విన్నదానిని, ఊహించినదానిని కలిపి చెప్పును. అందుచేతనే పెద్దలు నోటిమాటకంటె వ్రాతకు ఎక్కువ ప్రామాణ్యము నిచ్చిరి. కాని వాక్కుతో సమానముగా వ్రాత పరుగెత్తజాలదు. మనుష్యుడు మాటలాడునపుడు నిమిషమునకు 120 మాటలదాక పలుకును. ఎంత చేయి తిరిగిన లేఖకుడైనను మామూలు వ్రాతలో అందు నాల్గవవంతునకు మించి వ్రాయుట కష్టము. ఈ యంతరమును తొలగించుటకై ముప్పదియేండ్లకు పైగా పాటుపడి, జర్మను భాషకు సంక్షిప్తలిపిని సమకూర్చిన మహనీయుడు ఫ్రాంజ్ జేవర్ గాబెల్స్‌బెర్గర్.

ఇతడు బవేరియా రాజ్యమునకు ముఖ్యపట్టణమైన మ్యూనిక్ నగరమునందు 1789వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన జన్మించెను. ఫ్రాన్సుదేశమున మహావిప్లవము చెలరేగినదియు ఆ సంవత్సరమే. తండ్రి ఊదెడి వాద్యములను తయారుచేయు పనివాడు. ఆయన త్వరలోనే గతించుటచే కుటుంబము కష్టముల పాలయ్యెను. బాలుడు ఒట్టోబాయ్‌రెన్ మొదలగు చోట్ల క్రైస్తవ మఠములను ఆశ్రయించి విద్యాభ్యాసము చేసెను. కాని 1803 ప్రాంతమున ప్రభుత్వము మఠములను రద్దుచేసి వాని యాస్తులను స్వాధీనపఱచుకొనెను. మఠమే లేనప్పుడు మఠవిద్య యెక్కడిది? అతడు మ్యూనిక్‌నకు మరలివచ్చి యచ్చటి పాఠశాలలో చదివెనుగాని, పేదఱికముచే పై చదువులకు పోజాలకపోయెను.

అతనికి మిగిలిన ధనమంతయు చక్కని దస్తూరియే. ఆ దినములలో మ్యూనిక్‌లో సెనెఫెల్డర్ అను నాతడు రాతిపలకపై వ్రాసి అచ్చొత్తెడి శిలాముద్రణ విద్యను వృద్ధిపఱచుచుండెను. గాబెల్స్‌బెర్గర్ ఆ విద్యను సైతము అభ్యసించెను. ఇరువదియేండ్లు దాటుసరికి ప్రభుత్వ కార్యాలయమున వ్రాయసకానిగా కుదురుకొనెను. అతని జీవితమంతయు ఆ కొలువులోనే గడచెను. పెద్ద పదవులేవియు అతని వెదకికొని రాలేదు.

కచ్చేరీ పని యెఱిగినవారికి అందలి చిక్కు తెలియును. అధికారి చెప్పుచుండును, గుమాస్తా వ్రాయుచుండును. గుమాస్తా కలము వెనుకబడినచో అధికారి ఆగవలెను. ఆగినచో ఆలోచన తెగిపోవును. పై యధికారులకు ఈ శ్రమ తప్పించుటకై వేగముగా వ్రాయు మార్గమేదియైన నున్నదా యని గాబెల్స్‌బెర్గర్ 1817లో ప్రయత్నము ప్రారంభించెను. ఆ ప్రయత్నము కచ్చేరీ గోడలు దాటి దేశమంతటికి పనికివచ్చునని అతడు మొదట తలచియుండలేదు.

ఇంతలో 1818లో బవేరియా రాజు తన ప్రజలకు రాజ్యాంగమును ప్రసాదించెను. 1819లో ప్రతినిధుల సభ కూడెను. పన్నులనుగూర్చియు, సైన్యవ్యయమునుగూర్చియు, ప్రజల హక్కులనుగూర్చియు మాటలాడుటకు నూతనముగా నొక వేదిక యేర్పడెను. కాని సభలో పలికిన పలుకు సభ ముగియగానే మాసిపోయినచో ప్రయోజనమేమి? ప్రతినిధి యొకటి చెప్పి, ఊరికి వచ్చి వేఱొకటి చెప్పినచో అడుగువారెవరు? మంత్రి యిచ్చిన మాటను తరువాత కాదన్నచో నిలువరించునదేమి? గాబెల్స్‌బెర్గర్ తన రహస్యప్రాయమైన గీతలకు అక్కడ అసలైన పని యున్నదని గ్రహించి, ఆ సభాచర్చలను తన లిపిలో వ్రాసికొనెను. గుమాస్తా సౌకర్యమునకై పుట్టిన విద్య నాటినుండి ప్రజాసభకు సాక్షి యయ్యెను.

అంతకుముందును జర్మనులలో ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. మోజెన్‌గైల్ 1796లోను, హోర్‌స్టిగ్ 1797లోను ఇంగ్లీషు ఫ్రెంచి పద్ధతుల ననుసరించి సంక్షిప్తలిపులను ప్రకటించిరి. అవి నిలువుగీత, అడ్డగీత, ఏటవాలుగీత, వలయఖండము మున్నగు రేఖాగణిత చిహ్నములతో కూడినవి. గాబెల్స్‌బెర్గర్ త్రొక్కిన త్రోవ వేఱు. చేయి సహజముగా నెట్లు కదలునో చూచి, మామూలు వ్రాతలోని యక్షరముల వంపులనుండియే అతడు తన గుర్తులను ఎన్నుకొనెను. తఱచుగా వచ్చు ధ్వనులకు సులభమైన గుర్తులు, ఒకదానితో నొకటి కలిసి వచ్చు ధ్వనులకు చక్కగా అతుకుకొను గుర్తులు కల్పించెను. కలము కాగితమునుండి లేవకుండ సాగవలెనన్నది అతని యాశయము. పూర్వము మన గ్రామకరణములు లెక్కలలోను దస్తావేజులలోను వ్రాసిన గొలుసుకట్టును చూచినవారికి ఈ కిటుకు కొంత బోధపడగలదు.

అచ్చులను సూచించుటలో అతడు చూపిన నేర్పు మఱింత మెచ్చదగినది. తెలుగున ప్రతి హల్లునకు ప్రక్కన అచ్చును విడిగా వ్రాయము. గుడియో కొమ్మో చేర్చి గుణింతముచే తెలుపుదుము. గాబెల్స్‌బెర్గర్ తన లిపిలో ఆ గుర్తునుగూడ పలుతావుల తగ్గించి, హల్లు నిలిచిన తీరుచేతనే అచ్చును తెలిపెను. హల్లు పైకి లేచినచో నొక యచ్చు, క్రిందికి దిగినచో నొక యచ్చు, గీత లావైనచో మఱియొక యచ్చు. ఇట్లు వ్రాయకయే వ్రాసినట్లగుటచే కాలము కలిసివచ్చెను.

విద్య నేర్చిన పిమ్మట దానిని దాచుకొను స్వభావము అతనికి లేదు. కొలువు చేయుచునే పలువురు శిష్యులను తయారుచేసెను. 1829లో బవేరియా విజ్ఞానపరిషత్తు అతని పద్ధతిని పరీక్షించి మెచ్చుకొనెను. అయినను అతడు తొందరపడక, మార్చుచు దిద్దుచు, మొదలుపెట్టిన పదునేడేండ్లకు, అనగా 1834లో, జర్మను వాగ్లేఖనకళను బోధించు బృహద్గ్రంథమును వెలువరించెను. మన దేశపు కచ్చేరీలలో వ్యాపించిన పిట్‌మన్ పద్ధతి ఇంగ్లండున ప్రకటింపబడుట 1837లోనే. గాబెల్స్‌బెర్గర్ అంతటితో తృప్తినొందక, వాక్యసందర్భమునుబట్టి పదములను ఇంకను కుదించు విధానములను చేర్చి 1843లో మఱియొక గ్రంథమును ప్రకటించెను.

ఈ లిపియందు లోపములు లేవనరాదు. నేర్చుటకు చాలకాలము పట్టును. కుదింపు ఎక్కువైనకొలది చదువువాని బుద్ధిమీద భారము పెరుగును. బెర్లినులో స్టోల్జే అను నాతడు 1841లో నియమబద్ధమైన వేఱొక పద్ధతిని ప్రకటించెను. ఆ తరువాత ఇరుపక్షముల యనుయాయులు తరతరములు వాదులాడుకొనిరి. ఎట్టకేలకు 1924లో జర్మనులు రెండు సంప్రదాయములను సమన్వయించి ఏకరూపమైన సంక్షిప్తలిపిని నెలకొల్పుకొనిరి. అందు గాబెల్స్‌బెర్గర్ పాలే యెక్కువ.

శిష్యులలో విగార్డ్ ముఖ్యుడు. అతడు ఈ విద్యను సాక్సనీ రాజ్యమునకు కొనిపోయెను. అచ్చట డ్రెస్‌డెన్ నగరమున 1839లో సంక్షిప్తలిపికి ప్రభుత్వసంస్థ వెలసెను. 1848లో జర్మను రాజ్యములన్నిటి ప్రతినిధులు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున సమావేశమైరి. విగార్డ్ స్వయముగా నందు సభ్యుడై, ఆ చర్చల సంక్షిప్తలిపి నివేదికలను సంపుటములుగా ప్రకటించెను. ఆ సభ మఱుసటి యేటనే చెదరిపోయెను. అది కోరిన ఏకరాజ్యము అప్పుడు సిద్ధింపలేదు. కాని అందు ఎవరేమి పలికిరో నేటికిని చదువవచ్చును.

గురువునకు ఆ ముగింపు చూచు యోగము లేకపోయెను. 1849 జనవరి 4వ తేదీన గాబెల్స్‌బెర్గర్ మ్యూనిక్ వీథిలోనే పక్షవాతపు దెబ్బకు కూలి మరణించెను. అఱువదియేండ్లు నిండుటకు నెల పైచిలుకు దినములే తక్కువ. తరువాత ఆ నగరమున నొక వీథికి అతని పేరు పెట్టిరి. నోయె అను పండితుడు అతని లిపిని ఇటలీ భాషకు మలచెను. చెక్కు మొదలగు ఇతర భాషలకును అది వ్యాపించెను.

సభలకై వెలసిన యా లిపి పండితుల యేకాంతచింతనకును ఉపకరించెను. తత్త్వవేత్తయైన హుస్సెర్ల్ తన యాలోచనలను ఆ లిపిలోనే సుమారు 40,000 పుటలు వ్రాసెను. యూదకుటుంబమున జన్మించిన యాతడు 1938లో మరణింపగా, నాజీలచే ఆ వ్రాతలు నశించునేమోయని బెల్జియము దేశీయుడగు వాన్ బ్రేడా అను సన్యాసి వానిని జర్మనీ దాటించి లూవెన్ నగరమునకు చేర్చెను. గణితతార్కికుడైన గోడెల్ వ్రాసికొన్న పుస్తకములును ఆ లిపిలోనివే.

అయితే నేడు ఆ లిపిని చదువగలవారు జర్మనులలోనే మిక్కిలి అరుదు. హుస్సెర్ల్ పుటలను ఒక్కొక్కటిగా విప్పి మామూలు వ్రాతలోనికి ఎత్తుటకు పండితులు పదుల యేండ్లు శ్రమింపవలసివచ్చెను. గాబెల్స్‌బెర్గర్ పరుగెత్తు మాటను పట్టి కాగితమున నిలిపెను. ఆ కాగితమును మరల మాటగా మార్చుటకు మాత్రము చదువువాడొకడు కావలెను. మన కరణముల గొలుసుకట్టు గతియు నిట్టిదే. కాగితములు పెట్టెలలో పదిలముగనే యున్నవి, చదువగలవారు తగ్గిపోవుచున్నారు. కావున వ్రాతను కాపాడుట యనగా కాగితమును దాచుట మాత్రమే కాదు. చదువు నేర్చిన యొకడు మఱియొకనికి నేర్పుటయు దానిలోని భాగమే. గుమాస్తా కొలువులోనుండియే గాబెల్స్‌బెర్గర్ జీవితాంతము చేసినపని యదియే.