ఎవరి బిడ్డ ఈ రమాబాయి?

కులం, ఇంటిపేరు, చదువు, ఉద్యోగం, పక్కవాళ్లు ఇచ్చే గౌరవం... ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తే మనం ఎవరం? ఆదివారం ఆరాధనలో కూర్చునే మనలో చాలామందిమి ఈ ప్రశ్నను తప్పించుకు తిరుగుతాం. పండిత రమాబాయికి ఆ వీలు దొరకలేదు. లోకం ఆమెకు ఎన్నో పేర్లు పెట్టింది. సరస్వతి అంది, అపశకునం అంది, మతం విడిచిన మనిషి అంది, మాట వినని మొండిఘటం అంది. వీటిలో ఏ పేరూ ఆమెకు నెమ్మదినివ్వలేదు.

1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లో, గంగామూల అడవిలో ఆమె పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృతంలో ఉద్దండుడు. ఆడవాళ్లకు ఆ భాష నేర్పకూడదన్న ఆనాటి కట్టుబాటును కాదని భార్య లక్ష్మీబాయికి నేర్పాడు. ఆ తల్లి తన చిన్నకూతురికి నేర్పింది. ఊరూరా, క్షేత్రక్షేత్రానా పురాణం చదవడం, వినవచ్చినవాళ్లు ఇచ్చినదానితో బతకడం... అదే వాళ్ల కాపురం. సొంత గూడంటూ లేదు.

తర్వాత కరువు వచ్చింది. 1874 ప్రాంతంలో ఈ కుటుంబం మన తిరుపతి కొండమీద తలదాచుకుంది. చివరి బియ్యపు గింజ కూడా అయిపోయింది. చేయిచాచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. చావేదో అడవిలోనే చద్దామని అందరూ కలిసి బయలుదేరారు. పదకొండు రోజులు ఆకులు, నీళ్లు, గుప్పెడు అడవి ఈతపళ్లతో గడిపారు. వృద్ధుడైన తండ్రి ఇక తాళలేక పుష్కరిణిలో ప్రాణం విడవడానికి సిద్ధపడితే, కొడుకు శ్రీనివాస్ తాను కూలిపని చేసైనా పోషిస్తానని ఆపాడు. కొండ దిగి ఒక ఊరు చేరారు. పాడుబడిన గుడిలో చోటు దొరికింది. ఒక యువకుడు జాలిపడి అన్నం పెట్టాడు. ఆ రోజే తండ్రికి జ్వరం తగిలింది. మళ్లీ లేవలేదు.

ఆయన కళ్లు అప్పటికే కనిపించవు. పదహారేళ్ల చిన్నకూతురిని బలహీనమైన చేతులతో దగ్గరికి తీసుకుని, తల నిమిరి, తాను ఆమెను ఎంత ప్రేమించాడో గుర్తుంచుకోమన్నాడు. ఆమెను దేవుని చేతికి అప్పగించేశానని, ఇక ఆమె ఆయన సొత్తేనని, బతికినంతకాలం ఆయననే సేవించమని చెప్పాడు. అనంతశాస్త్రి క్రీస్తును ఎరిగినవాడు కాదు. అయినా ఒక తండ్రి నోట వచ్చిన ఆ మాట ఎంత దూరం వెళ్లిందో చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. దాని అర్థం ఆ బిడ్డకు బోధపడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కొద్ది నెలల్లోనే తల్లి, అక్క కూడా పోయారు. జబ్బుపడిన తల్లి ఒక చిన్న సజ్జరొట్టె ముక్క తినాలని ఉందంటే, పక్కింటికి వెళ్లి నోరు తెరిచి అడగలేక రమాబాయి పడ్డ అవస్థ ఆమె చివరిదాకా మరిచిపోలేదు. ఆ రొట్టె దొరికింది గానీ తల్లి తినే స్థితి దాటిపోయింది.

అన్నాచెల్లెళ్లు ఇద్దరూ దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఈ అమ్మాయి విద్వత్తు చూసి నివ్వెరపోయారు. పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. అవి పుచ్చుకున్న రెండేళ్లకే అన్న చనిపోయాడు. అదే 1880లో ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ వకీలును పెళ్లాడింది. కులాంతర వివాహం గనుక ఇరువైపులవారూ వెలివేశారు. 1881లో మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా ఆ భర్తను తీసుకుపోయింది. ఇరవై నాలుగేళ్లు నిండకుండానే ఆమె విధవ. ఆ కాలంలో ఆ ఒక్క మాట ముందు సరస్వతి అన్న బిరుదు ఏపాటిది?

భర్త పుస్తకాల మధ్య ఆమెకు బెంగాలీలో లూకా సువార్త దొరికింది. ఆసక్తిగా చదివింది. 1883లో ఇంగ్లండు వెళ్లి వాంటేజ్ పట్టణంలో ఆంగ్లికన్ సోదరీమణుల దగ్గర ఉంది. వైద్యం చదవాలనుకుంది గానీ చెవులు సరిగా వినిపించక ఆ ఆశ వదులుకుంది. పాడైపోయారని లోకం తోసేసిన స్త్రీలను ఆ సోదరీమణులు లండన్‌లోని ఫుల్‌హామ్‌లో చేరదీసి ఆదరించడం ఆమె కళ్లారా చూసింది. అలాంటివారిపై ఇంత దయ ఎక్కడిదని అడిగితే, యోహాను సువార్తలోని సమరయ స్త్రీ సంగతి చూపించారు. అదే ఏడాది సెప్టెంబరు 29న తల్లీకూతుళ్లు బాప్తిస్మం పొందారు.

మామూలుగా సాక్ష్యాలు ఇక్కడే పూర్తవుతాయి. రమాబాయిది పూర్తికాలేదు. బాప్తిస్మం తర్వాత కూడా ఆమె లోపల వెలితి అలాగే ఉంది. బయట చూస్తే స్వదేశంలో మతం విడిచిందన్న నింద. ఇంగ్లండులో మరో రకం సమస్య: చెప్పినదానికల్లా తలూపే శిష్యురాలు కావాలనుకున్నవారికి ఈమె ప్రశ్నలు మింగుడుపడలేదు. చీర మానలేదు, శాకాహారం మానలేదు, మనస్సాక్షిని ఎవరికీ తాకట్టు పెట్టలేదు. ఈ పట్టుదల మాకు గర్వంలా కనిపించదు. తాను ఎవరి సొత్తో తేల్చుకోకుండా ఎవరి గుంపులోనూ ఆమె చేరదలచుకోలేదు.

అమెరికాలో సహాయం కూడగట్టుకుని వచ్చి 1889లో బొంబాయిలో బాలవిధవల కోసం శారదాసదన్ తెరిచింది. మరుసటి ఏడాది అది పుణెకు మారింది. ఇంత సేవ చేస్తూ కూడా 1891 ప్రాంతంలో ఆమె ఒక సంగతి గ్రహించింది. తనకు దొరికింది క్రైస్తవ మతమే గానీ క్రీస్తు కాదని! విలియం హాస్లమ్ అనే ఆంగ్ల బోధకుడు రాసుకున్న సొంత అనుభవాల పుస్తకం చదివినప్పుడు ఈ తేడా ఆమెకు స్పష్టమైంది. ఎనిమిదేళ్లుగా ఆమె దేవునికి తగినదానినని రుజువు చేసుకోవాలని పాటుపడింది. తగినదైతేనే ప్రేమిస్తాడనుకుంది. తాను ఏమీ కాని స్థితిలోనే ఆయన తనను ప్రేమించాడని, ఆ ప్రేమే తన చిరునామా అని నమ్మినప్పుడు ఆమెకు ఆదరణ దొరికింది. అడవిదారిన తండ్రి అప్పగించిన ఆ చేయి ఎవరిదో ఆమెకు అప్పుడు తెలిసింది.

దాని పరీక్ష త్వరలోనే వచ్చింది. 1893లో ఆమె విద్యార్థినులను మతం మారుస్తోందన్న అలజడి రేగి, చాలామంది పెద్దలు తమ పిల్లలను తీసుకుపోయారు. నిన్నటిదాకా పొగిడిన పత్రికలు తిట్టాయి. ఆమె మాత్రం దారి మార్చుకోలేదు.

1896-97లో మధ్య భారతాన్ని కరువు పట్టింది. ఆకలితో చేతులు చాచే ఆడపిల్లల్లో ఆమెకు తన పదహారేళ్ల ముఖమే కనిపించి ఉండాలి. వందలాది మందిని వెంటబెట్టుకు వచ్చి, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో తాను కొన్న వందెకరాల భూమిలో ఉంచింది. అదే ముక్తి సదన్. 1900 నాటికి అక్కడ ఉన్నవారు దాదాపు 2,000 మంది. బావులు తవ్వారు, బట్ట నేశారు, నూనె ఆడించారు. అంధులకూ, మోసపోయి వీధినపడ్డ స్త్రీలకూ వేరుగా చోటుంది. ఏ కులమని గానీ, ఎలా చెడ్డావని గానీ అడిగే అలవాటు అక్కడ లేదు.

తన చివరి పద్దెనిమిదేళ్లలో ఎక్కువ భాగం ఆమె బైబిలు అనువాదానికి ఇచ్చింది. హెబ్రీ, గ్రీకు నేర్చుకుని, సంస్కృతం గుప్పించకుండా, చదువు తక్కువైన స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలో రాసింది. పురాణాలు కంఠస్థం చేసిన పండితురాలికి తేలిక మాటలు వెతుక్కోవడమే కష్టమైన పని అయి ఉంటుంది. 1921 జులైలో మనోరమ కన్నుమూసింది. తన తర్వాత ముక్తి సదన్ భారం మోస్తుందని నమ్ముకున్న ఒక్కగానొక్క కూతురు. అప్పటికి రమాబాయికి వినికిడి దాదాపు పోయింది. ఆ దుఃఖంలోనే ప్రూఫులు దిద్దుతూ కూర్చుంది. పని ముగించిన తర్వాతే, 1922 ఏప్రిల్ 5న, నిద్రలో ప్రభువును చేరింది. రెండేళ్లకు ఆ మరాఠీ బైబిలు ముక్తి సదన్ ముద్రణాలయం నుంచే వెలువడింది. దాని అక్షరాలు కూర్చినవారు ఎవరికీ అక్కర్లేదనిపించుకుని ఆ గడప తొక్కిన ఆడపిల్లలే.