స్ట్రట్‌కి పేరిచ్చిన మనిషి: ఎర్ల్ మాక్‌ఫెర్సన్

ఆటోమొబైల్ సబ్జెక్టు చదివినవాళ్ళెవరూ మాక్‌ఫెర్సన్ స్ట్రట్ బొమ్మ వేయకుండా సెమిస్టర్ దాటలేరు. బొమ్మ వేస్తాం, భాగాలకి బాణాలు గీస్తాం, లాభాలు నాలుగు, నష్టాలు మూడు రాసేసి పేజీ తిప్పేస్తాం. ఇంతకీ ఆ మాక్‌ఫెర్సన్ ఎవరు? ఏ ఊరివాడు, ఏం చేశాడు, ఆ స్ట్రట్ ఎలా పుట్టింది? పుస్తకంలో ఇవేవీ ఉండవు. నిజానికి ఆయన కథ మనలాంటి ఇంజినీరింగ్ విద్యార్థులే చదవాల్సిన కథ. ఎందుకంటే అది ఆగిపోయిన ఒక ప్రాజెక్టు కథ కూడా.

ఎర్ల్ స్టీల్ మాక్‌ఫెర్సన్ 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, హైలాండ్ పార్క్‌లో పుట్టాడు. ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి 1915లో పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి డెట్రాయిట్ కార్ల రాజధానిగా ఎదుగుతోంది. చేతిలో డిగ్రీ ఉన్న కుర్రాడికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? అక్కడ చామర్స్ అనే కార్ల కంపెనీలో చేరాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యం తరఫున యూరప్ వెళ్ళి విమానాల ఇంజిన్ల పని చూశాడు. విమానంలో ప్రతి గ్రాము బరువుకీ లెక్క చెప్పాలి. అనవసరమైన ముక్క ఒక్కటున్నా అది పైకి లేవడానికి అడ్డమే. ఆ పాఠం ఆయన తర్వాతి పనిలో కనిపిస్తుందని అనుకుంటే తప్పు కాదేమో.

యుద్ధం నుంచి వచ్చాక లిబర్టీ అనే చిన్న కంపెనీలో, తర్వాత హప్‌మొబైల్ కార్లు చేసే కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఈ పేర్లు ఇవాళ మనలో ఎవరికీ తెలియవు. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో అలాంటి కంపెనీలు ఒక్కొక్కటే మూతబడుతూ వచ్చాయి. మాక్‌ఫెర్సన్ 1934లో జనరల్ మోటార్స్‌కి మారాడు. కొద్దికాలానికే షెవ్రొలే విభాగంలో డిజైన్ బాధ్యతలు అందుకున్నాడు. అప్పటికి వయసు నలభై దాటింది. పేరు మోగే పని మాత్రం ఇంకా ఏదీ చేయలేదు.

ఆ అవకాశం 1945లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తోంది. లక్షలమంది సైనికులు ఇళ్ళకి తిరిగొస్తారు, వాళ్ళకి తక్కువ ధరలో చిన్న కారు కావాలి అని జనరల్ మోటార్స్ లెక్క వేసింది. 1000 డాలర్ల లోపు అమ్మగలిగే తేలికపాటి షెవ్రొలే కారు చేయాలన్నది లక్ష్యం. ఆ ప్రాజెక్టుకి పెద్దగా మాక్‌ఫెర్సన్‌ని పెట్టారు. కారుకి అనుకున్న పేరు కెడెట్.

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా మాట్లాడుకుందాం. చక్రం గతుకులో పడినప్పుడు ఆ దెబ్బని స్ప్రింగ్ మింగుతుంది. కానీ మింగిన శక్తిని మళ్ళీ కక్కేస్తుంది కూడా. అందుకే ఒట్టి స్ప్రింగ్ మీద నిలబడ్డ బండి గతుకు దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేదే షాక్ అబ్జార్బర్, మన మెకానిక్కుల భాషలో షాకప్. లోపల నూనె, అందులో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి వాల్వులు. పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె ఆ సందుల్లోంచి బలవంతంగా దూరాలి. ఊపులోని శక్తి నూనెలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అప్పట్లో మంచి కార్లలో ముందు చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో స్ప్రింగ్, విడిగా షాకప్, విడిగా స్టీరింగ్ తిరిగే కీలు ఉండేవి. పని బాగానే చేసేది. కానీ ముక్కలు ఎక్కువ, బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ.

మాక్‌ఫెర్సన్ ఏం చేశాడంటే, షాకప్‌నే గట్టి స్తంభంలా తయారుచేశాడు. పై ఆర్మ్‌ని తీసిపారేశాడు. స్తంభం పై కొసని నేరుగా బాడీకి బిగించాడు, చుట్టూ స్ప్రింగ్ తొడిగాడు. స్టీరింగ్ తిప్పితే ఆ స్తంభమే తన చుట్టూ తాను తిరుగుతుంది. మూడు పనులు, ఒకే ముక్క. ఇలాంటి ఆలోచన ఛాయలు 1920ల నాటి ఫియట్ పేటెంటులోనూ ఉన్నాయి కాబట్టి పూర్తిగా శూన్యంలోంచి పుట్టిందని చెప్పలేం. కానీ ఫ్యాక్టరీలో చవగ్గా, వేలకొద్దీ తయారు చేయగల రూపం ఇచ్చింది ఆయనే. కెడెట్‌లో నాలుగు చక్రాలకీ ఇదే పెట్టాడు.

1947 మార్చిలో ఈ సస్పెన్షన్ మీద పేటెంటుకి దరఖాస్తు వెళ్ళింది. సరిగ్గా రెండు నెలలకి, మే నెలలో, కెడెట్ ప్రాజెక్టుని ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. కారణాలు లేకపోలేదు. యుద్ధం తర్వాత ఉక్కుకి కరువు. పెద్ద కార్లకే జనం క్యూ కడుతున్నారు. అనుకున్న ధరలో చిన్న కారు అమ్మితే మిగిలేది తక్కువ. వ్యాపారం లెక్కలో అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ రెండేళ్ళు రాత్రింబవళ్ళు దాని మీద కూర్చున్న మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా కారు పోవడమొక్కటే కాదు, పేటెంటు కూడా కంపెనీదే. ఆలోచన ఆయన బుర్రలో పుట్టినా కాగితం మీద అది జనరల్ మోటార్స్ ఆస్తి.

అప్పటికి ఆయనకి 56 ఏళ్ళు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టి రిటైరైపోదామనుకునే వయసు. మాక్‌ఫెర్సన్ అలా అనుకోలేదు. అదే ఏడాది ఎదురు శిబిరం, అంటే ఫోర్డ్ కంపెనీలో చేరాడు. మొదటి పేటెంటు పాత కంపెనీ దగ్గర ఉండిపోయింది కాబట్టి అదే సూత్రాన్ని మరో రూపంలో మళ్ళీ డిజైన్ చేశాడు. 1949లో ఫోర్డ్ తరఫున కొత్త దరఖాస్తు వెళ్ళింది. రెండు పేటెంట్లూ 1953లోనే మంజూరయ్యాయి. ఒకే మనిషి, ఒకే ఆలోచన, ఇద్దరు పోటీదారుల బీరువాల్లో రెండు కాగితాలు!

1950 అక్టోబర్‌లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో బ్రిటన్ ఫోర్డ్ వాళ్ళు కాన్సుల్, జెఫిర్ కార్లని చూపించారు. వాటి ముందు చక్రాలకి మాక్‌ఫెర్సన్ స్ట్రట్‌లు ఉన్నాయి. అందులో ఇంకో పొదుపు కూడా ఉంది. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌నే కింది ఆర్మ్‌లో సగభాగంగా వాడుకున్నారు. మాక్‌ఫెర్సన్ 1952లో ఫోర్డ్‌లో ఇంజినీరింగ్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు, 1958లో రిటైరయ్యాడు, 1960లో కన్నుమూశాడు. ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి ముందు చక్రాలని తిప్పే చిన్న కార్ల వరద ఆ తర్వాతే వచ్చింది. ఇంజిన్‌కి పక్కల జాగా కావాలంటే పై ఆర్మ్ లేని స్ట్రట్టే దిక్కయింది. 1983లో మన రోడ్ల మీదికొచ్చిన మారుతి 800 ముందు భాగంలో ఉన్నదీ అదే. ఆ వరదని చూడ్డానికి ఆయన లేడు.

మరి స్ట్రట్ అన్నిటికీ మందా? కాదు. దాని హద్దు తెలియాలంటే బరువు లాగే ట్రక్కుని చూడాలి. ఫోర్డ్ వాళ్ళ ఎఫ్-250 సూపర్ డ్యూటీ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో ముందు గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు, వెనక లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. షాకప్‌లు విడిగా ఉంటాయి. ఆయన ఏలిన కంపెనీ బండిలోనే ఆయన స్ట్రట్ లేదన్నమాట! అమెరికాలో చాలామంది ఇలాంటి ట్రక్కుని ఎత్తు పెంచుకుని, వెనక ట్రెయిలర్ కూడా తగిలిస్తారు. అప్పుడు షాకప్‌లు మార్చాలంటే ముందు టేపు పట్టుకోవాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు, పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు రెండు బిగింపుల మధ్య దూరం ఎంతో కొలవాలి. పాత పొట్టి షాకప్ ఉంచేస్తే గతుకులో చక్రం కిందికి దిగబోయి షాకప్‌కే వేలాడుతుంది. మరీ పొడుగుది వేస్తే రబ్బరు స్టాపర్ తగిలేలోపే షాకప్ అడుగు తగిలి పగులుతుంది.

తర్వాత బరువు సంగతి. మామూలుగా ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడుతుంది. 3000 కిలోల ట్రెయిలర్ అయితే 300 నుంచి 450 కిలోలు. దాన్ని మోయాల్సింది స్ప్రింగే, షాకప్ కాదు. వెనక భాగం కుంగితే షాకప్ మార్చి లాభం లేదు, స్ప్రింగ్ సంగతి చూడాలి. షాకప్ పని ఆ బరువు ఊగకుండా పట్టుకోవడం. ఘాట్ రోడ్డులో గంటల తరబడి లాగితే నూనె వేడెక్కి పట్టు తగ్గుతుంది కాబట్టి, వేడిని త్వరగా వదిలే ఒంటి గొట్టం గ్యాస్ షాకప్‌లు ఇక్కడ నయం. ఇలా ఎంచుకునే వీలు ఎందుకుందంటే, అక్కడ షాకప్ ఒక్క పనే చేస్తోంది కాబట్టి. స్ట్రట్ అయితే స్టీరింగ్‌నీ మోస్తోంది. దాన్ని మారిస్తే వీల్ అలైన్‌మెంట్ మళ్ళీ చూపించుకోవాల్సిందే.

మూడు పనుల్ని ఒక ముక్కలో పెడితే చవక, తేలిక. విడిగా ఉంచితే బరువు, ఖర్చు, కానీ దేనికది మార్చుకోవచ్చు. మాక్‌ఫెర్సన్ 1000 డాలర్ల కారు కోసం మొదటి దారి పట్టాడు. ఆ కారు రానేలేదు, దాని కోసం పుట్టిన ముక్క మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. ప్లేస్‌మెంట్లు రాక, ప్రాజెక్టు ఆగిపోయి దిగులుగా ఉన్న ఫ్రెండ్స్ మన హాస్టళ్ళలో చాలామందే ఉంటారు. ఈసారి స్ట్రట్ బొమ్మ వేసేటప్పుడు, 56 ఏళ్ళ వయసులో తన బొమ్మని తానే మళ్ళీ మొదటినుంచి గీసుకున్న ఈ పెద్దాయన గురించి వాళ్ళకి చెప్పండి.