పూటకూళ్ళమ్మ కొడుకు లండన్ వెళ్ళాడు

పోయిన ఆగస్టులో మా పెదనాన్న కూతురు ఎంఎస్‌కి అమెరికా వెళ్ళింది. మా ఇళ్ళల్లో ఒంటరిగా దేశం దాటిన మొదటి మనిషి తనే. వెళ్ళే ముందు వారం రోజులు ఇంట్లో ఒకటే గొడవ. 23 కేజీల సూట్‌కేసులో గోంగూర పచ్చడి ఎంత, కారప్పొడి ఎంత, బట్టలు ఎంత అని. వీసా గురించి, ఫీజు గురించి పెద్దమ్మకి పెద్దగా తెలీదు. ఆవిడ దిగులంతా అక్కడ పిల్ల తిండి ఎట్లా అనే. ఆ వారంలోనే నాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారు గుర్తొచ్చారు.

ప్రకాశం పంతులుగారు అనగానే మనకి ఏం తెలుసు? ఆంధ్రకేసరి. తుపాకీ ముందు గుండె చూపించిన మనిషి. విజయవాడలో బ్యారేజీ. మా జిల్లా పేరు. టెన్త్ సోషల్‌లో ఒక బిట్ క్వశ్చన్. అంతే. కానీ వీటన్నిటికీ ముందు, ముప్పై ఏళ్ళు దాటాక, బాగా నడుస్తున్న ప్రాక్టీసు పక్కన పెట్టి ఆయన ఓడెక్కి ముక్కూ మొహం తెలియని దేశం వెళ్ళారు. ఆ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

ఆయన పుట్టింది 1872 ఆగస్టు 23న, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. కరణాల కుటుంబం. పదకొండేళ్ళ వయసులో తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని తీసుకుని ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. అంటే డబ్బులకి భోజనం పెట్టే ఇల్లు, ఇవాళ్టి మెస్ లాంటిది. ఈ రోజుల్లో అయితే హోమ్ ఫుడ్ అని బోర్డు పెట్టుకుంటాం. కానీ ఆ రోజుల్లో అన్నం అమ్ముకోవడం అంటే చాలా చిన్నచూపు. పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా అని సామెతే ఉంది. ఆ మాటలన్నీ పడుతూనే ఆవిడ కొడుకుని చదివించారు. ఒక పరీక్ష ఫీజుకి మూడు రూపాయలు లేకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చదువు కూడా సాఫీగా ఏం సాగలేదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు రాజమండ్రికి మారుతూ ఈ కుర్రాణ్ణి కూడా వెంట తీసుకెళ్ళారు. ఆ మాస్టారే లేకపోతే కథ ఒంగోల్లోనే ఆగిపోయేదేమో. మెట్రిక్‌లో ఒకసారి తప్పారు కూడా (బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు గమనించగలరు). తర్వాత మద్రాసు వెళ్ళి ప్లీడరు పరీక్ష ప్యాసై, రాజమండ్రి తిరిగొచ్చి మంచి పేరు తెచ్చుకున్నారు. మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు.

ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా. ఇక్కడే ఒక చిక్కుంది. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. కింది కోర్టుల్లో ఎంత బాగా వాదించినా, కేసు హైకోర్టుకి వెళ్తే దాన్ని వేరేవాళ్ళ చేతికి ఇచ్చేయాల్సిందే. మన భాషలో చెప్పాలంటే కోడంతా నువ్వే రాస్తావు, ప్రొడక్షన్‌కి మాత్రం యాక్సెస్ లేదు. ఆయన వాదన విని మెచ్చుకున్న ఒక బారిస్టరు, నువ్వు కూడా బారిస్టరు అవ్వచ్చు కదా అని సలహా ఇచ్చారట. ఆ సలహా ఆయన మనసులో పడిపోయింది. 1904లో ఇంగ్లండ్ బయల్దేరారు.

ఇప్పుడు ఫ్లైట్ ఎక్కితే మర్నాటికి దిగుతాం, దిగగానే వాట్సాప్ కాల్. అప్పుడు సూయజ్ కాలువ మీదుగా వారాల తరబడి ఓడ ప్రయాణం. చేరానని ఉత్తరం రాస్తే అదీ వారాల తర్వాతే ఇంటికి చేరుతుంది. ఇంకో పెద్ద సంగతి, ఆచారాలు పాటించే ఇళ్ళల్లో సముద్రం దాటడమే తప్పు. తిరిగొస్తే కులంలో ఉంచుతారో వెలేస్తారో తెలీదు.

అమ్మకి ఆయన మూడు మాటలు ఇచ్చి వెళ్ళారు. మాంసం తినను, మందు తాగను, పొగ తాగను అని. 1888లో గాంధీగారు కూడా ఇలాగే తల్లికి మాటిచ్చి ఓడెక్కారు కాబట్టి ఇది ఆ కాలపు ఆనవాయితీ అనుకోవచ్చు. కానీ నాకు ఇక్కడ ఇంకోటి కనిపించింది. అప్పట్లో లండన్‌లో బారిస్టరు అవ్వాలంటే పరీక్షలు రాస్తే సరిపోయేది కాదు. ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే సంస్థల్లో ఒకదానిలో చేరి, ప్రతి టర్మ్‌లో ఇన్ని అని అక్కడి హాల్లో డిన్నర్లకి హాజరవ్వాల్సి ఉండేది. అది అప్పటి రూలు, మన 75 శాతం అటెండెన్స్ లాగా. బల్ల మీద మాంసమూ, వైనూ ఉండేవి. పదిమందికి అన్నం పెట్టి కొడుకుని పెంచిన తల్లి, ఆ కొడుకు లాయరు అవ్వడానికి వెళ్ళి కూర్చోవాల్సింది ఆ బల్ల దగ్గర. పెద్దమ్మ దిగులు చిన్నదేం కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన అక్కడ చదువొక్కటే చూసుకోలేదు. లండన్‌లోని భారతీయుల సంఘంలో చేరారు. పార్లమెంటుకి మళ్ళీ పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ కోసం ఎన్నికల్లో పని చేశారు. 1906లో ఆ ఎన్నిక నౌరోజీ ఓడిపోయారు. అయినా మనల్ని పాలించేవాళ్ళ ఊళ్ళో నిలబడి మనవాడికి ఓటెయ్యమని అడగడం అంటే ఎంత ధైర్యం కావాలి!

1907లో బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ప్రసంగిస్తే, చాలామంది వెనకాడిన సమయంలో సభకి అధ్యక్షత వహించారు. డబ్బు బాగా సంపాదించారు. మరి ఏం చేశారు? 1921లో ఆ ప్రాక్టీసే వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టారు. అంత కష్టపడి సముద్రం దాటి తెచ్చుకున్న లైసెన్సు, పద్నాలుగేళ్ళు వాడి పక్కన పెట్టేశారు. సంపాదించిందంతా పత్రిక మింగేసింది.

మిగతాది మనకి తెలిసిన కథే. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ గొడవల్లో మద్రాసు హైకోర్టు దగ్గర కాల్పులు జరిగాయి. చనిపోయిన మనిషిని చూడనివ్వకుండా పోలీసులు తుపాకులు అడ్డం పెడితే, చొక్కా తెరిచి ఎదురు నిలబడ్డారు. అది తను ప్రాక్టీసు చేసిన కోర్టు పక్కనే. 1946లో మద్రాసుకి ప్రధాని, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. 1954లో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1957 మే 20న పోయేనాటికి చేతిలో ఆస్తి అంటూ ఏమీ లేదు. 1972లో మా ఒంగోలు జిల్లాకి ఆయన పేరు పెట్టారు.

వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రావాలి, అన్నీ వదులుకోవాలి అని నేను చెప్పట్లేదు. నేను కూడా జీఆర్‌ఈ వర్డ్ లిస్ట్ డౌన్‌లోడ్ చేసుకున్నవాణ్ణే. కాకపోతే ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళాలి, ఏ యూనివర్సిటీ, ఎంత ప్యాకేజీ అనే ఆలోచించాను. తెచ్చుకున్నదాన్ని తర్వాత ఏం చేస్తాను అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

నిన్న రాత్రి అక్క వీడియో కాల్ చేసింది. గోంగూర పచ్చడి అయిపోయిందట. పెద్దమ్మ అప్పుడే కొరియర్ రేట్లు కనుక్కోమని నాకు పని చెప్పింది.